సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొనే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మామిడి సీజన్ దగ్గర పడిందంటే చాలు, నాకు ఇవే ఫోన్లు. బండి ఫోటోలు నాలుగు పంపిస్తారు, "అన్నా రేటు బాగుంది, తీసుకోవచ్చా" అంటారు. ఫోటోలో ఏ బండైనా బాగానే ఉంటుంది. నేను పన్నెండేళ్లుగా నూజివీడు వైపు నుంచి నున్న మార్కెట్‌కి, విజయవాడకి లోడు కొడుతున్నా. ఇప్పటికి ఏడు పాత పికప్‌లు కొన్నాను, అందులో రెండు కొనకుండా ఉండాల్సింది. చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## బండి వెతకడం మొదలుపెట్టే ముందు

ఎన్ని కిలోమీటర్ల లోపు తిరిగిన బండి అయితే సేఫ్ అన్నా?

అందరూ మొదట అడిగేది ఇదే, కానీ అడగాల్సింది ఇది కాదు. బండి ఎంత తిరిగింది అని కాదు, ఏం మోసింది అని అడగండి. పాల రూట్‌లో రెండు లక్షలు తిరిగిన బండి, ఇసుక మోసి డెబ్బై వేలు తిరిగిన బండి పక్కపక్కన పెడితే నేను కళ్లు మూసుకుని పాల బండే తీసుకుంటా. డీజిల్ ఇంజిన్ రోజూ ఒకే రూట్‌లో, ఒకే డ్రైవర్ చేతిలో, టైముకి ఆయిల్ మారుస్తూ నడిస్తే చాలా దూరం వస్తుంది. టన్నున్నర బండి మీద మూడు టన్నులు వేస్తే మాత్రం ఇంజిన్ కంటే ముందు క్లచ్, క్రౌన్ (వెనక ఇరుసులో చక్రాల్ని తిప్పే గేర్లు), చాసిస్, హబ్ బేరింగులు పోతాయి, అవేవీ మీటర్‌లో కనపడవు.

ఏం మోసిందో ఓనర్ నిజం చెప్తాడా? మనకెలా తెలుస్తుంది?

కొంతమంది చెప్తారు, చెప్పకపోయినా బండే చెప్తుంది. వెనక బాడీ ఫ్లోర్ మీదకి ఎక్కి చూడండి. రేకు కిందకి గుంటలు గుంటలుగా దిగిపోయి ఉంటే రాళ్లో, ఇటుకలో, ఇనుమో వేశారు. మూలల్లో, సందుల్లో ఇసుక ఇంకా దొరుకుతుంది, ఎంత కడిగినా పోదు. సిమెంట్ బండి అయితే డోర్ హింజిల దగ్గర బూడిద రంగు గట్టిపడి ఉంటుంది. బాడీ పక్కల గీతలు తప్ప ఫ్లోర్ బాగుంటే కూరగాయల ట్రేలో, వాటర్ క్యాన్లో, పార్సిలో అనుకోవచ్చు. టెంట్ హౌస్ బండ్లు తక్కువ తిరుగుతాయి, కాకపోతే నెలల తరబడి కదలకుండా ఉంటాయి కాబట్టి బ్యాటరీ, టైర్లు, బ్రేక్ సిలిండర్లు చూసుకోవాలి. ఇంకో మాట, బండి ఏ ఊరిదో కనుక్కుని ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర ఇద్దరిని అడగండి. ఆ బండి ఏం పని చేసేదో ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు.

చేపల బండి, రొయ్యల బండి అస్సలు ముట్టుకోకూడదా?

నా అనుభవం చెప్తా, తర్వాత మీ ఇష్టం. 2017లో ఒక పికప్ కొన్నాను, పైన కొత్త పెయింట్, ఇంజిన్ సూపర్, రేటు మార్కెట్ కంటే తక్కువ. కింద కూడా నల్లగా నిగనిగలాడుతుంటే "అబ్బ, ఎంత బాగా చూసుకున్నాడో" అనుకున్నా. మూడు నెలలకి నూజివీడు రోడ్డులో లోడుతో వస్తుంటే ఎడమ పక్క వెనక కమాన్ (స్ప్రింగ్ పట్టీల కట్ట) తగిలించే హ్యాంగర్ దగ్గర చాసిస్ పగిలింది. షెడ్డులో నల్ల పెయింట్ గీకితే కింద తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. తర్వాత తెలిసింది, అది కైకలూరు వైపు చేపల ఐసు పెట్టెలు మోసిన బండి. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు, చేప రసం రోజూ చాసిస్ మీదకి కారతాయి, అదంతా సందుల్లో నిలిచి లోపల్నుంచి తినేస్తుంది.

అందుకని కైకలూరు, భీమవరం, సముద్రం పక్క ఊళ్ల బండ్లన్నీ చెడ్డవని కాదు. కింద పడుకుని, చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌డబ్ అంటుంది. పాత బండికి కింద మాత్రం కొత్త నల్ల పెయింట్ ఉంటే నేను ముందు అనుమానమే పడతా.

బీఎస్4 తీసుకోవాలా, బీఎస్6 తీసుకోవాలా?

బీఎస్ అంటే బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనల స్థాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యేవన్నీ బీఎస్6. అంతకుముందు 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4. పల్లెటూరి మెకానిక్‌కి బీఎస్4 బాగా అలవాటు, సెన్సర్ల గోల తక్కువ, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. బీఎస్6లో పొగని శుభ్రం చేసే సామాను ఎక్కువ. మోడల్‌ని బట్టి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉంటుంది, కొన్నిటికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు కూడా ఉంటుంది. అవి బాగున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు, పాడైతే బిల్లు పెద్దది.

మీ రూట్ లాంగ్ అయితే, దగ్గర్లో కంపెనీ సర్వీస్ ఉంటే బీఎస్6 తీసుకోండి. ఊళ్లోనే రోజుకి పదిసార్లు ఆపి స్టార్ట్ చేసే పని అయితే డీపీఎఫ్ సరిగ్గా వేడెక్కదు, మసి నిండిపోతుంది. అలాంటి పనికి మంచి బీఎస్4 దొరికితే నాకు అదే నయం అనిపిస్తుంది. అయితే బీఎస్4 బండ్లు రోజురోజుకీ పాతబడుతున్నాయి, ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోవాలి, గ్రీన్ ట్యాక్స్ కూడా లెక్కలో పెట్టుకోండి.

బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్... వీటిల్లో ఏది నమ్మకం?

ఇవన్నీ ఒకే పనికి చేసిన బండ్లు కావు. టాటా ఏస్ 2005లో వచ్చింది, మొదటి డీజిల్ ఏస్‌లో ఉండేది రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్. ఊళ్లో తక్కువ లోడుకి, సందుల్లోకి బ్రహ్మాండం, కానీ దాని మీద టన్నున్నర వేసి ఘాట్ ఎక్కించిన వాళ్లని చూశా, ఆ బండి పాపం ఏం చేస్తుంది. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చింది, మూడు సిలిండర్ల లీటరున్నర ఇంజిన్, నడపడానికి సుఖం. బొలెరో పికప్‌ది నాలుగు సిలిండర్ల రెండున్నర లీటర్ల ఇంజిన్, మొరటు బండి, ఏ మూల ఆగిపోయినా పార్టు దొరుకుతుంది. నా దగ్గర ఎక్కువ అవే ఉన్నాయి కాబట్టి నా మాట కొంచెం అటే మొగ్గుతుంది. మీరైతే మీ ఊరి నుంచి పాతిక కిలోమీటర్లలో ఏ బండి మెకానిక్ బాగా ఉన్నాడో చూసి ఆ కంపెనీ ఎంచుకోండి.

ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బండి చవగ్గా వస్తోంది, కొనొచ్చా?

కొనొచ్చు, కానీ చవక ఎందుకో అర్థం చేసుకుని కొనాలి. కిస్తీలు కట్టలేనివాడు ఆఖరి ఆరు నెలలు సర్వీస్ కూడా చేయించి ఉండడు, ఆయిల్ మార్చి ఉండడు. తర్వాత యార్డులో ఎండకి వానకి నిలబడి ఉంటుంది. చాలా యార్డుల్లో రోడ్డు మీద ట్రయల్ ఇవ్వరు, స్టార్ట్ చేసి చూపిస్తే గొప్ప. బ్యాటరీ, స్టెప్నీ, జాకీ మాయమై ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు, తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. ట్యాక్స్, చలాన్లు, ఎఫ్‌సీ పెండింగ్ ఎంతుందో మొత్తం కూడి, దాని మీద రిపేర్లకి కొంత వేసుకుని అప్పుడు చవకో కాదో చూడండి. మొదటి బండి కొనేవాళ్లకి మాత్రం నేను వద్దనే చెప్తా.

## బండి దగ్గరికి వెళ్లాక: ఇంజిన్

వెళ్లగానే మొట్టమొదట ఏం చూడాలి?

బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. పొద్దున్నే వస్తానని, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందురోజే ఫోన్లో చెప్పండి. ఐనా వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారనే నేను అనుకుంటా, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. కంప్రెషన్ తగ్గిన ఇంజిన్, వీక్ నాజిల్స్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి), హీటర్ ప్లగ్గులు పోయిన ఇంజిన్ ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఒకసారి వేడెక్కాక చెత్త ఇంజిన్ కూడా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది.

స్టార్ట్ చేస్తే పొగ వస్తోంది, డీజిల్ బండికి మామూలేగా?

ఏ రంగు, ఎంతసేపు అన్నది చూడాలి. చల్లటి పొద్దున కొన్ని సెకన్లు తెల్లగా వచ్చి పోతే దిగులు లేదు. తెల్లపొగ కళ్లు మండేలా, పచ్చి డీజిల్ వాసనతో నిమిషాలపాటు వస్తే నాజిల్స్ గానీ కంప్రెషన్ గానీ తేడా. తెల్లపొగకి తియ్యటి వాసన ఉండి వేడెక్కినా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది, హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు.

నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా వస్తుంది, టర్బో పైపు లీకైనా వస్తుంది, నాజిల్ కారినా వస్తుంది. బండి ఇంకా బాగా లాగాలని డీజిల్ పంపు సెట్టింగ్ పెంచిన పాత బండ్లకీ వస్తుంది. చాలాసార్లు బాగుచేసుకోదగ్గదే. నీలంపొగకే నేను భయపడతా, అది ఆయిల్ కాలడం. రింగులో, వాల్వ్ సీల్సో, టర్బో సీలో అయి ఉంటుంది. వేడెక్కాక ఒకళ్లని యాక్సిలరేటర్ తొక్కమని మీరు వెనక నిలబడి చూడండి. ఓనర్‌ని తొక్కమంటే మెల్లగా తొక్కుతాడు, మీ మనిషినే కూర్చోబెట్టండి.

ఆయిల్ మూత తీస్తే పొగ వస్తోంది. ఇంజిన్ పోయినట్టేనా?

దీన్ని మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగులు అరిగితే సిలిండర్‌లో ఉండాల్సిన ప్రెషర్ కిందకి దిగి ఆయిల్ మూతలోంచి, డిప్‌స్టిక్ గొట్టంలోంచి బయటికి తంతుంది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా మూత తీసి బోర్లించి పెట్టండి. కొంచెం కదిలితే కంగారు పడక్కర్లేదు, తిరిగిన ఇంజిన్‌కి కొంత ఆవిరి ఉంటుంది, మూత ఉన్న చోటుని బట్టి కూడా గాలి కొడుతుంది. మూత ఎగిరి పడిపోయేలా, రైలింజన్‌లా పఫ్ పఫ్ మని పొగ వస్తే, దానికి తోడు డిప్‌స్టిక్ చుట్టూ ఆయిల్ చిమ్మి ఉంటే ఇంజిన్ దింపాల్సిందే. ఆ ఖర్చు రేటులోంచి తీసేసి మాట్లాడండి, లేదా వదిలేయండి.

ఆయిల్ నల్లగా ఉంది, సర్వీస్ చేయించలేదనా అర్థం?

కాదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసినా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. రంగు వదిలేసి వేళ్ల మధ్య రాసి చూడండి. తారులా జిగటగా ఉంటే నెలల తరబడి మార్చలేదు. నీళ్లలా పల్చగా ఉండి డీజిల్ వాసన కొడితే, లెవెల్ గీత పైకి ఉంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోంది, అది ప్రమాదం. కాఫీలో పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు కలిశాయి, ఇంక అక్కడ నిలబడొద్దు.

రేడియేటర్‌లో ఏం చూడాలి?

చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల రంగున్న కూలెంట్ ఉండాలి. తుప్పు రంగు నీళ్లుంటే ఇన్నాళ్లూ కుళాయి నీళ్లే పోశారని అర్థం, లోపల వాటర్ దారులు, వాటర్ పంపు తుప్పు తిని ఉంటాయి. మూత కింద నూనె పేరుకుని ఉన్నా, ఇంజిన్ ఆన్‌లో ఉండగా బుడగలు ఆగకుండా వస్తున్నా గ్యాస్కెట్ సంగతి చూసుకోవాలి.

ఇంజిన్ కొత్తగా చేయించాం అంటున్నారు. ప్లస్సా మైనస్సా?

బిల్లు ఉంటే ప్లస్సు. ఎక్కడ చేయించారు, బోర్ కొట్టించారా లేక రింగులు మాత్రమే వేశారా, క్రాంక్ గ్రైండింగ్ అయిందా, ఏ కంపెనీ పిస్టన్లు అన్నది ఆ షెడ్డుకి ఫోన్ చేసి అడగండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి పనివాడు చేసిన ఇంజిన్ కొత్త బండితో సమానంగా నడవడం చూశా. బిల్లు లేదు, మెకానిక్ ఊళ్లో లేడు, ఎప్పుడు చేశారో గుర్తులేదు అంటే ఇంజిన్ చేయలేదనే లెక్క వేసుకోండి. ఇంజిన్ నిండా కొత్త సిల్వర్ పెయింట్ కొట్టి చూపిస్తే నమ్మొద్దు, ఆయిల్ లీకులు కనపడకుండా కడిగి పెయింట్ కొట్టడం చాలా పాత పద్ధతి.

మీటర్ వెనక్కి తిప్పారేమోనని డౌటు. ఎలా పట్టుకోవాలి?

చిన్న లెక్క వేయండి. కిరాయికి తిరిగే పికప్ రోజుకి వంద కిలోమీటర్లు అనుకున్నా, ఏడాదికి 300 రోజులకి 30 వేలు. ఐదేళ్ల బండికి లక్షన్నర. అలాంటిది మీటర్ 58 వేలు చూపిస్తే మిగతా రోజులు ఏం చేసిందో అడగాలి. బ్రేక్, క్లచ్ పెడల్ రబ్బర్లు అరిగి ఇనుము కనపడుతోందా, గేర్ నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయా, డ్రైవర్ సీటు ఒక పక్కకి కుంగిందా, స్టీరింగ్ నున్నగా మెరుస్తోందా చూడండి. వీటన్నిటికంటే గట్టిది కంపెనీ సర్వీస్ రికార్డు. బండి నంబర్ ఇచ్చి ఓనర్‌ని వెంటపెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే చివరిసారి ఎన్ని కిలోమీటర్లకి వచ్చిందో చెప్తారు. ఓనర్ రానంటే ఎందుకు రానంటున్నాడో ఆలోచించండి.

బీఎస్6 బండికి డీపీఎఫ్ తీసేశారని ఎలా తెలుస్తుంది?

సైలెన్సర్ పైపులో వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ బాగున్న బండికి పైపు లోపల దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లమసి దట్టంగా అంటితే లోపల ఫిల్టర్ పగిలిందో, కోసి ఖాళీ చేసి వెల్డింగ్ పెట్టారో అనుకోవాలి. తర్వాత తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా మీటర్ చూడండి, ఇంజిన్ లైటుతో సహా లైట్లన్నీ ఒకసారి వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. తాళం ఆన్ చేసినా ఇంజిన్ లైటు వెలగకపోతే ఆ లైటు తీసేసి ఉండొచ్చు. స్కానర్ ఉన్న మెకానిక్‌ని పట్టుకుని కోడ్లు చదివించడం తప్పనిసరి, ఆ కాస్త డబ్బుకి వెనకాడొద్దు. డీపీఎఫ్ తీసేసిన బండి చట్టప్రకారం తప్పు, పైగా ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

వరదలో మునిగిన బండి అని ఎలా గుర్తుపట్టాలి?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లతోపాటు బండ్లూ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వాటిల్లో బాగుచేయించి అమ్మేసినవీ ఉంటాయి. సీట్ బెల్ట్‌ని చివరిదాకా లాగండి, లోపల చుట్టలో బురద గీత ఉంటే మునిగింది. ఫ్యూజ్ బాక్స్ తెరిస్తే పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. హెడ్‌లైట్ లోపల మట్టి గీత, సీటు కింద స్ప్రింగుల తుప్పు, మ్యాట్ కింద ఒండ్రు మట్టి వాసన చూడండి. నీళ్లలో ఉండగా స్టార్ట్ చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు, అది ఇప్పుడు తెలియదు, ఆరు నెలలకి తెలుస్తుంది. వైరింగ్ మాత్రం జీవితాంతం సతాయిస్తుంది.

## కింద పడుకుని చూడాల్సినవి

చాసిస్‌కి వెల్డింగ్ ఉంది. వదిలేయాలా?

ఎక్కడ ఉందో చూడాలి. బాడీ బ్రాకెట్ల దగ్గర, మడ్‌గార్డ్ పట్టీల దగ్గర వెల్డింగ్ ప్రతి పాత బండికీ ఉంటుంది. మెయిన్ చాసిస్ పొడుగు దూలాల మీద, కమాన్ హ్యాంగర్ల దగ్గర, క్యాబిన్‌కి బాడీకి మధ్యలో అడ్డంగా వెల్డింగ్ గానీ, పైన అదనంగా రేకు ప్లేటు వేసి కుట్టినట్టు గానీ ఉంటే ఆ బండి లోడుతో విరిగింది లేదా యాక్సిడెంట్ అయింది. నేనైతే వదిలేస్తా, ఎంత చవకైనా సరే.

బండి వెనక పది అడుగుల దూరంలో కూర్చుని సమానంగా నిలబడిందా, ఒక పక్కకి వాలిందా చూడండి. క్యాబిన్‌కి బాడీకి మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. చాసిస్ నంబర్ చుట్టూ గీకినట్టు, రీపంచ్ చేసినట్టు ఉంటే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి.

కమాన్ కట్టలో పట్టీలు ఎక్కువున్నాయి, బలం కదా?

బలమే, కానీ ఆ బలం ఎందుకు అవసరమైందో ఆలోచించండి. కంపెనీ ఇచ్చినదాని మీద ఒకటి రెండు పట్టీలు ఎక్కువ వేయించారంటే ఓవర్‌లోడ్ కొట్టడానికే. కమాన్ గట్టిపడితే ఆ దెబ్బంతా చాసిస్‌కి, హౌసింగ్‌కి (క్రౌన్ ఉండే వెనక ఇరుసు పెట్టెకి) తగులుతుంది. అదే మోడల్ కొత్త బండికి ఎన్ని పట్టీలుంటాయో షోరూమ్ దగ్గర ఆగిన బండికి లెక్కపెట్టుకుని వెళ్లండి.

టైర్లు చూసి ఏం తెలుసుకోవచ్చు?

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ముందు టైర్లు ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ లేదా కింగ్‌పిన్, బాల్ జాయింట్లు తేడా. నడుమ గుంటలు గుంటలుగా అరిగితే షాక్‌లు పోయాయి. నాలుగూ కొత్త రీట్రేడ్ టైర్లు ఉంటే అమ్మడానికే వేయించారు.

## నడిపి చూసేటప్పుడు

ట్రయల్ ఎంత దూరం చూడాలి? ఖాళీ బండి చాలా?

సందు చివరిదాకా వెళ్లొస్తే ఏమీ తెలియదు. కనీసం పదిహేను ఇరవై కిలోమీటర్లు, అందులో కొంచెం ఎత్తు, కొంచెం గతుకులు, కొంచెం హైవే ఉండాలి. కుదిరితే లోడుతో చూడండి. ఖాళీ పికప్ ఏదైనా గుర్రంలా పరుగెత్తుతుంది. ఓనర్ ఒప్పుకుంటే నేను ఇరవై బస్తాల వరి వేయించి గట్టు ఎక్కించి చూస్తా. టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి పైకి జరుగుతోందా, థర్డ్ గేర్‌లో లాగుతోందా, వెనక పొగ ఎంత అన్నది ఆ పది నిమిషాల్లో తేలిపోతుంది. డీజిల్ మీరే పోయించండి, అప్పుడు ఎదుటివాడికీ మొహమాటం ఉండదు.

క్లచ్, గేర్‌బాక్స్ బాగున్నాయని ఎలా తెలుస్తుంది?

హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి థర్డ్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుంజుతూ తిరుగుతుంటే క్లచ్ ప్లేట్ అయిపోయింది. ఒకసారి చూస్తే చాలు, పదే పదే చేసి ఎదుటివాడి బండి పాడు చేయొద్దు. గేర్లలో సెకండ్ గేర్ మీద ఎక్కువ దృష్టి పెట్టండి, లోడు బండికి ముందు అరిగేది అదే, వేసేటప్పుడు కరకరమంటే సింక్రో రింగు పోయింది. దిగుడులో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలేయండి, గేర్ దానంతటదే న్యూట్రల్‌కి ఎగిరిపడితే గేర్‌బాక్స్ విప్పాలి.

యాభైలో వెళ్తుంటే వెనక నుంచి ఊళ వేసినట్టు సౌండ్ వస్తోంది. ఏంటది?

ఎక్కువసార్లు అది క్రౌన్. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా సౌండ్ మారితే క్రౌన్ పినియన్ అరిగింది. తొక్కినా వదిలినా ఒకేలా ఉండి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే మారేది అయితే హబ్ బేరింగ్, అది చిన్న ఖర్చు. కదిలేటప్పుడు కింద టక్‌మని ఒక దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు, అదీ చిన్నదే. సౌండ్ పోవడానికి క్రౌన్‌లో చిక్కటి గ్రీజో, వేరే ఏదో పోసి అమ్మేవాళ్లున్నారు, హౌసింగ్ ప్లగ్గు విప్పించి ఆయిల్ చూపించమనండి.

బ్రేకులు, స్టీరింగ్?

ఖాళీ రోడ్డులో నలభైలో గట్టిగా బ్రేక్ వేయండి, ఒక పక్కకి లాగకూడదు. పెడల్ మెల్లగా కిందకి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్. స్టీరింగ్‌లో ఆట ఎక్కువుంటే బాక్స్, జాయింట్లు చూపించాలి. ఇవి బాగుచేసుకునేవే, కాకపోతే చేయించేదాకా లోడు ఎక్కించొద్దు.

## కాగితాలు

కాగితాల్లో ఏమేం చూడాలి?

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఆర్సీ స్టేటస్, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా కనపడుతుంది. ఆర్సీలో ఉన్న ఇంజిన్, చాసిస్ నంబర్లు బండి మీద నంబర్లతో మీ కళ్లతో సరిపోల్చండి. కమర్షియల్ బండికి ఎఫ్‌సీ లేకపోతే చట్టం లెక్కన రిజిస్ట్రేషన్ చెల్లనట్టే. కొత్త బండికి మొదట రెండేళ్లు, తర్వాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ట్యాక్స్ లైఫ్ ట్యాక్సా, క్వార్టర్లీనా, ఎన్ని క్వార్టర్లు బాకీ అన్నది అడగండి. స్థూల బరువు మూడు టన్నులు దాటిన బండి అయితే పర్మిట్ కూడా చూడాలి. చలాన్లు ఎన్నున్నాయో అమ్మేవాడి ముందే ఫోన్‌లో తీసి కట్టించండి.

లోన్ అయిపోయింది, ఎన్ఓసీ తర్వాత ఇస్తా అంటున్నాడు. డబ్బులిచ్చేయొచ్చా?

ఇవ్వొద్దు. లోన్ కట్టేయడం వేరు, ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీసేయడం వేరు. ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వాళ్లు సంతకం పెట్టిన ఫారం 35 చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇంకా బాకీ ఉంటే మీరే ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లి ఆ బాకీని బండి లోన్ ఖాతాలోనే కట్టి రసీదు తీసుకోండి, మిగిలింది ఓనర్‌కి ఇవ్వండి. మా బంధువు ఒకాయన నమ్మకం మీద మొత్తం ఇచ్చేశాడు. నాలుగు నెలలకి రోడ్డు మీద బండి ఆపి లోడుతో సహా తీసుకెళ్లిపోయారు.

హైదరాబాద్‌లో రేటు తక్కువుంది, విజయవాడకి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. రెండూ వేరు వేరు రాష్ట్రాలు కాబట్టి అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, తిరుగుళ్లు అన్నీ ఉంటాయి. ఆ ఖర్చు కూడితే చాలాసార్లు రేటు తేడా అక్కడికే సరిపోతుంది. పదీ పదిహేను వేల తేడా కోసం అయితే వద్దు.

నాకు కారు లైసెన్సే ఉంది, పికప్ నడపొచ్చా?

నడపొచ్చు. 7500 కిలోల లోపు బండ్లకి లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. మన పికప్‌లన్నీ ఆ బరువు లోపలే.

పేరు మార్చుకోకుండా కొన్నాళ్లు నడిపితే ఏమవుతుంది?

దీంట్లో అమ్మినవాడికీ ముప్పే, కొన్నవాడికీ ముప్పే. ప్రమాదం జరిగితే ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ వైపు నుంచి చూస్తే బండి దొంగలు ఎత్తుకెళ్లినా, డ్యామేజ్ అయినా ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజే పెట్టించుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏలో పేరు మార్పుకి పెట్టుకోవాలి, ఇన్సూరెన్స్ మార్చుకోడానికి 14 రోజులే. ముందే సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలతో మూడు చేతులు మారిన బండి కొనొద్దు, మొదటి ఓనర్ ఎక్కడున్నాడో కూడా దొరకడు.

## బేరం, ఆ తర్వాత

మెకానిక్‌ని తీసుకెళ్లాలా? కన్సల్టెన్సీ వాళ్లే (పాత బండ్లు అమ్మిపెట్టేవాళ్లు) చూపిస్తామంటున్నారు.

మీ మెకానిక్‌నే తీసుకెళ్లండి, ఆయన రోజు కూలి ఆయనకి ముందే ఇచ్చేయండి. బండి కొంటే కమిషన్ వచ్చే మనిషి మాట వేరుగా ఉంటుంది, కొన్నా కొనకపోయినా కూలి వచ్చే మనిషి మాట వేరుగా ఉంటుంది. ఆ మోడల్ మీద రోజూ పనిచేసే మెకానిక్ అయి ఉండాలి, కార్ల మెకానిక్‌కి పికప్ చూపించి లాభం లేదు.

రేటు ఎంత తగ్గించి అడగాలి?

గాల్లో అడగొద్దు, కాగితం మీద రాసుకుని అడగండి. టైర్లు ఎంత, క్లచ్ ఎంత, ఎఫ్‌సీ ఎంత, ట్యాక్స్ బాకీ ఎంత అని ఆయన ముందే కూడి చూపించండి. అలా అడిగితే ఎదుటివాడికి కోపం రాదు. అడ్వాన్సు ఎంతిచ్చినా రసీదు మీద బండి నంబర్, మొత్తం రేటు, ఏ కాగితం ఎప్పటికి ఇస్తారో రాయించుకోండి. సీజన్ ముందు రేట్లు పెరుగుతాయి. మా వైపు మామిడి అయిపోయాక, జూన్ చివర్లో అమ్మేవాళ్లు ఎక్కువుంటారు, ఆగగలిగితే అప్పుడు కొనండి.

కొన్నాక మొదటి వారంలో ఏం చేయించాలి?

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ అన్నీ ఒకేసారి మార్చేయండి, పాత ఓనర్ నిన్ననే మార్పించానన్నా సరే. గేర్, క్రౌన్ ఆయిల్ మార్చండి. కూలెంట్ మొత్తం దించి కొత్తది పోయండి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే కొత్తది వేయించండి, అది తెగితే వాల్వులు వంగిపోతాయి. గ్రీజు పాయింట్లన్నిటికీ గ్రీజు కొట్టించండి. మొదటి పదిహేను రోజులు సగం లోడే వేయండి, పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ఆయిల్, కూలెంట్ లెవెల్ చూసి ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు వారాల్లో ఎంత తగ్గిందో ఆ నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది, ఆ తర్వాత పూర్తి లోడు వేసుకోవచ్చు.